చెయ్యి వెళ్ళిన దారి: పేషెంట్ కేర్ టెక్నీషియన్లకు ఇన్‌ఫెక్షన్ నివారణ మార్గదర్శి

పన్నెండో బెడ్ యూరిన్ బ్యాగ్ ఖాళీ చేశారు. అవే గ్లవ్స్‌తో బెడ్ రెయిలింగ్ పైకి లేపారు, సెలైన్ స్టాండ్ పక్కకు జరిపారు. పదమూడో బెడ్ తాతగారి ఆక్సిజన్ మాస్క్ జారిపోయి ఉంటే సర్ది వచ్చారు. అంతా కలిపి రెండు నిమిషాల పని. గ్లవ్స్ లోపల మీ చేతులు శుభ్రంగానే ఉన్నాయి. తాతగారి ముక్కు దగ్గరికి మాత్రం పక్క బెడ్ మూత్రంలోని క్రిములు వెళ్ళిపోయాయి.

ఆసుపత్రిలో అంటుకునే జబ్బుల్లో చాలా భాగం ఇలాగే నడుస్తాయి. గాలిలో వచ్చేవి కొన్నే. మిగతావి మన చేతి మీదా, చేతిలోని వస్తువు మీదా ప్రయాణం చేస్తాయి. అందుకే ఈ మార్గదర్శి మొత్తం ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఈ చెయ్యి ఇప్పుడు ఎక్కడి నుంచి వస్తోంది, ఎక్కడికి వెళ్తోంది?

దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, కోరాపుట్ వైపు ఆసుపత్రుల్లో, నర్సింగ్‌హోముల్లో పనిచేసే మన తెలుగువాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది. అక్కడి వార్డు ఎలా ఉంటుందో తెలిసిందే. ఒక్కో రోగి వెంట ఇద్దరు ముగ్గురు మనుషులు, వానాకాలం జ్వరాలప్పుడు కింద కూడా పక్కలు, గోడ మీద బోర్డులు ఒడియాలో. రోగుల్లో కొందరు పాతపట్నం వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్ళు, కొందరు ఒడియావాళ్ళు, కొందరు సవర, కువి అనే గిరిజన భాషలు మాత్రమే వచ్చినవాళ్ళు. ఈ రద్దీలోనే పని సవ్యంగా జరగాలి.

చేతులు: ఎప్పుడు, ఎంత, ఎలా

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ఐదు సందర్భాలు మీ పనిలో ఇలా ఉంటాయి. బీపీ చూడటానికో, పక్కకు తిప్పడానికో రోగిని తాకే ముందు. గాయం కట్టుకు గానీ, క్యాథెటర్ పైపుకు (మూత్రాన్ని బయటికి తెచ్చే గొట్టం) గానీ సాయం పట్టే ముందు. రక్తం, మూత్రం, మలం, కఫం తగిలే పని అయిన వెంటనే. రోగిని తాకడం అయ్యాక. రోగిని తాకకపోయినా ఆయన మంచం, స్టాండ్, పక్కనున్న బల్ల ముట్టుకున్నాక. అందరూ తప్పేది ఈ ఐదోదే. దుప్పటి సర్ది వెళ్ళిపోతాం, రోగిని తాకలేదు కదా అనుకుంటాం. కానీ రోగి ఒంటి మీది క్రిములు రెయిలింగ్ మీద గంటల తరబడి, కొన్ని రోజుల తరబడి బతికే ఉంటాయి.

చేతికి మురికి కనబడకపోతే హ్యాండ్ రబ్ (చేతులకు రాసుకునే స్పిరిట్ మందు) చాలు. 3 నుంచి 5 మి.లీ. పోసుకోవాలి, అంటే గుంట చేసిన అరచెయ్యి నిండాలి. చేతులు వాటంతటవే ఆరేదాకా 20 నుంచి 30 సెకన్లు రుద్దాలి. పది సెకన్లలోనే ఆరిపోయిందంటే పోసుకున్నది తక్కువని అర్థం. తడి చేతుల మీద పోస్తే స్పిరిట్ పలచబడి పనిచేయదు. యూనిఫాంకు తుడిచేస్తే మొదటికొస్తుంది.

సబ్బు, నీళ్ళు తప్పనిసరి అయ్యేది మూడు చోట్ల: చేతికి రక్తమో మలమో కనబడుతున్నప్పుడు, విరేచనాల రోగి దగ్గర పని అయ్యాక, మరుగుదొడ్డికి వెళ్ళొచ్చాక. విరేచనాలు తెచ్చే క్రిముల్లో కొన్నిటిని స్పిరిట్ చంపలేదు, నీళ్ళతో కడిగి పంపాల్సిందే. మొత్తం 40 నుంచి 60 సెకన్లు పడుతుంది. అరచేతులు, చేతుల వెనుక, వేళ్ళ సందులు, బొటనవేలు చుట్టూ, చివరగా గోళ్ళ కొసలు అరచేతిలో గుండ్రంగా తిప్పి రుద్దడం. బొటనవేలు, గోళ్ళ కొసలే ఎక్కువగా మిగిలిపోతాయి. నిజానికి రోగికి తగిలేది కూడా అవే.

ఉంగరాలు, గాజులు, చేతి గడియారం, దారాలు డ్యూటీలో ఉండకూడదు. ఉంగరం కింద తడి ఆరదు, సబ్బు చేరదు. పెళ్ళి ఉంగరమో, మొక్కు దారమో తీయడానికి మనసు ఒప్పదు. గొలుసుకు వేసి మెడలో యూనిఫాం లోపల వేసుకుంటే మర్యాదా నిలుస్తుంది, పనీ జరుగుతుంది. లిక్విడ్ సోప్ సీసా సగంలో ఉండగా కొత్తది అందులో పోయకండి. సీసా ఖాళీ చేసి, కడిగి, ఆరబెట్టి అప్పుడు నింపాలి. లేకపోతే సబ్బులోనే క్రిములు పెరుగుతాయి. కుళాయి రాని పూట మగ్గు ముంచే బకెట్టు కాకుండా, కుళాయి బిగించిన డ్రమ్ము పెట్టించండి. పది మంది చేతులు ముంచిన బకెట్టులో ఎవరి చెయ్యీ శుభ్రం కాదు.

గ్లవ్స్ మీ కోసం, హ్యాండ్ రబ్ రోగి కోసం

గ్లవ్స్ వేసుకున్నాం కదా, చేతులు కడగక్కర్లేదు అన్న మాటే వార్డులో అన్నిటికంటే ఎక్కువ హాని చేస్తుంది. గ్లవ్స్‌కు కంటికి కనబడని చిల్లులుంటాయి, తీసేటప్పుడు చేతికి మురికి అంటుతుంది. వేసుకునే ముందు ఒకసారి, తీశాక ఒకసారి చేతులు శుభ్రం చేసుకోవాలి. ఒక జత ఒక రోగికే. ఒకే రోగి దగ్గరైనా మలం శుభ్రం చేసిన గ్లవ్స్‌తో నోరు తుడవకూడదు, మధ్యలో మార్చాలి. గ్లవ్స్ మీద హ్యాండ్ రబ్ రాసి మళ్ళీ వాడటం కూడా వద్దు, రబ్బరు పాడవుతుంది.

తీసే పద్ధతి ఇది. ఎడమ గ్లవ్‌ను మణికట్టు దగ్గర బయటివైపు పట్టుకుని, చర్మానికి తగలకుండా, లోపలిది బయటికి వచ్చేలా ఒలిచేయండి. ఒలిచినదాన్ని కుడి గుప్పిట్లో ఉంచుకోండి. ఇప్పుడు ఉత్త ఎడమచేతి వేలు కుడి గ్లవ్ లోపలికి దూర్చి ఒలవండి. మొదటిది రెండోదాని లోపల మూటలా చిక్కుతుంది. ఎర్ర డబ్బాలో వేసి, చేతులు శుభ్రం చేసుకోండి. వేలి కొసలు పట్టి లాగితే గ్లవ్ చిట్లి, తుంపర కళ్ళలో పడుతుంది.

మాస్క్, గౌన్

వేసుకునే వరుస: గౌన్, మాస్క్, కళ్ళద్దాలు, చివర గ్లవ్స్. తీసే వరుస: ముందు గ్లవ్స్, తర్వాత కళ్ళద్దాలు, గౌన్, గది బయటికి వచ్చాక మాస్క్. గ్లవ్స్ ముందు ఎందుకంటే అన్నిటికంటే మురికివి అవే, వాటితో ముఖం దగ్గరికి పోకూడదు. మాస్క్ ముందు భాగాన్ని ముట్టుకోకుండా తాడు పట్టి తీయాలి. వానాకాలపు ఉక్కలో చెమటకు తడిసిన మాస్క్‌ను అప్పటికప్పుడే మార్చాలి, తడి మాస్క్ వడపోయదు.

టీబీ రోగి, లేదా టీబీ అనుమానం ఉన్న రోగి దగ్గర మీకు ఎన్95 (ముఖానికి బిగుతుగా కూర్చుని గాలిని వడపోసే మాస్క్), రోగికి మామూలు సర్జికల్ మాస్క్. చాలాచోట్ల ఇది తలకిందులవుతుంది. ఎన్95 రోగికి ఇస్తే దగ్గుతో ఆయాసపడి తీసేస్తారు. ఎన్95 పెట్టుకున్నాక ముక్కు దగ్గరి రేకును రెండు చేతుల వేళ్ళతో నొక్కి, అరచేతులు మాస్క్ మీద మూసి ఊపిరి వదలండి. బుగ్గల దగ్గరో కళ్ళ దగ్గరో గాలి తగిలితే సరిగ్గా కూర్చోలేదు. గడ్డం ఉంటే ఎప్పటికీ కూర్చోదు. కఫం నమూనా వార్డులో తీయించకండి, ఆరుబయట గాలి తగిలే చోట, మనుషులకు దూరంగా తీయించండి. డిసెంబరులో కోరాపుట్ చలికి రాత్రిళ్ళు కిటికీలన్నీ మూసేస్తారు. టీబీ క్రిమికి మూసిన గది కంటే అనువైన చోటు లేదు. రోగికి ఇంకో దుప్పటి ఇవ్వండి, కిటికీ మాత్రం తెరిచే ఉంచండి. ఎదురెదురు కిటికీలు రెండు తెరిస్తేనే గాలి ఆడుతుంది.

యూరిన్ బ్యాగ్: పొరపాట్లన్నీ ఇక్కడే

క్యాథెటర్ ఉన్న రోగికి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ రావడం ఆసుపత్రుల్లో సర్వసాధారణం. పైపు పెట్టేది డాక్టరో సిస్టరో అయినా, రోజంతా దాన్ని చూసుకునేది మీరే.

బ్యాగ్ ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే ఉండాలి, నేలకు మాత్రం తగలకూడదు. కట్టాల్సింది మంచం కదలని ఫ్రేముకు. రెయిలింగ్‌కు కడితే, రెయిలింగ్ లేపినప్పుడు బ్యాగ్ కూడా పైకి లేచి, పాత మూత్రం క్రిములతో సహా వెనక్కి పోతుంది. ఎక్స్‌రేకి తీసుకెళ్ళేటప్పుడు బ్యాగ్‌ను రోగి కాళ్ళ మధ్యనో పొట్ట మీదో పెట్టడం రోజూ కనబడే తప్పు. కదిలించే ముందు ఖాళీ చేసి, స్ట్రెచర్ పక్కకు కిందుగా వేలాడదీయండి.

ఖాళీ చేయడం మూడింట రెండు వంతులు నిండగానే:

1. చేతులు శుభ్రం చేసుకుని, గ్లవ్స్ వేసుకోండి. ఆ రోగికే కేటాయించిన కొలత జగ్గు తీసుకోండి. వార్డంతటికీ ఒకటే జగ్గు ఉంటే ఒకరి ఇన్‌ఫెక్షన్ అందరికీ పంచినట్టే.
2. కింది గొట్టం మూతిని స్పిరిట్ దూదితో తుడవండి.
3. వాల్వు తెరిచి వంచండి. మూతి జగ్గు అంచుకు గానీ లోపలికి గానీ తగలకూడదు, కనీసం రెండు వేళ్ళ ఎడం ఉండాలి.
4. వాల్వు మూసి, మూతిని మళ్ళీ స్పిరిట్‌తో తుడవండి.
5. జగ్గును సమతలం మీద పెట్టి, కళ్ళెదురుగా కొలత చూసి, మరుగుదొడ్డిలో పారబోయండి. తుంపర లేవకుండా కిందికి వంచి పోయాలి. జగ్గు కడిగి బోర్లించండి.
6. గ్లవ్స్ తీసి, చేతులు శుభ్రం చేసుకున్నాకే పెన్ను పట్టుకుని చార్టులో రాయండి. మురికి గ్లవ్స్‌తో పట్టుకున్న పెన్ను తర్వాత సిస్టర్ చేతికి వెళ్తుంది.

పైపుకీ బ్యాగ్‌కీ మధ్య అతుకును ఎప్పుడూ విప్పకండి, చొక్కా మార్చడానికైనా సరే. నమూనా కావాలంటే సిస్టర్ పైపు మీది పోర్టు నుంచి తీస్తారు, బ్యాగ్‌లోంచి తీసింది పరీక్షకు పనికిరాదు. రోజుకోసారి, మలవిసర్జన అయిన ప్రతిసారీ, సబ్బునీళ్ళతో ఆ భాగం శుభ్రం చేయాలి. ఆడవాళ్ళకు ముందు నుంచి వెనక్కి మాత్రమే తుడవాలి. ఇంకో మాట: ఈ పైపు ఇంకా కావాలా అని రోజూ సిస్టర్‌ను అడగండి. అవసరం తీరిన పైపును తీసేయడమే అన్నిటికంటే మంచి నివారణ.

హైపో కలపడం, రక్తం తుడవడం

రక్తం పడిన చోటికి 1% హైపోక్లోరైట్ కావాలి. క్రిములను చంపే ఈ క్లోరిన్ మందునే వార్డులో హైపో అంటారు. డబ్బా మీద అంకె చూసి కలపండి. 5% అయితే ఒక వంతు మందుకు నాలుగు వంతుల నీళ్ళు. 10% అయితే ఒకటికి తొమ్మిది. బ్లీచింగ్ పౌడర్‌తో చేయాలంటే, 30% క్లోరిన్ ఉన్న తాజా పొడి లీటరు నీటికి 33 గ్రాములు, కలిపి తేర్చి పైది వాడాలి. మూత తెరిచి పెట్టిన పాత సంచిలో క్లోరిన్ ఎగిరిపోయి ఉంటుంది, వాసన వచ్చినంత మాత్రాన బలం ఉన్నట్టు కాదు. చన్నీళ్ళే వాడండి, వేడినీళ్ళు దాని బలాన్ని చంపేస్తాయి. రోజూ తాజాగా కలిపి, డబ్బా మీద తేదీ, వేళ రాయండి. బాత్‌రూం కడిగే యాసిడ్‌తో దీన్ని ఎన్నడూ కలపకండి, విషవాయువు పుడుతుంది. ఎక్కువ మూత్రం ఒలికిన చోట కూడా ముందే హైపో పోయవద్దు. మూత్రం పీల్చి తీసేశాకే పోయాలి.

నేల మీద రక్తం పడితే: మనుషులు తొక్కకుండా అడ్డం పెట్టండి. మందం గ్లవ్స్, మాస్క్, ఏప్రాన్ వేసుకోండి. గాజు ముక్కలుంటే చేత్తో కాకుండా చిమటాతోనో అట్టముక్కతోనో తీసి నీలి డబ్బాలో వేయండి. రక్తం మీద పాత గుడ్డో, పీల్చే కాగితమో పరిచి, దాని మీద అంచుల నుంచి మధ్యకు 1% హైపో పోయండి. కనీసం 10 నిమిషాలు ఆగండి, మీ ఆసుపత్రి పట్టికలో 20, 30 అని ఉంటే అంతసేపు. తర్వాత గుడ్డ ఎత్తి పసుపు సంచిలో వేసి, ఆ చోటును మళ్ళీ హైపోతో, చివరకు డిటర్జెంట్ నీళ్ళతో తుడవండి. పరవకుండా నేరుగా పోస్తే రక్తం నాలుగు వైపులా పారుతుంది. నిమిషంలో తుడిచేస్తే మందు పని చేయకముందే దాన్ని తీసేసినట్టు. ఇనుము, స్టీలు సామాను మీద హైపో ఎక్కువసేపు ఉంచితే తుప్పు పడుతుంది, తర్వాత నీళ్ళతో తుడవాలి.

రంగు డబ్బాలు

బోర్డు ఏ భాషలో ఉన్నా రంగు ఒకటే, 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు దేశమంతటికీ వర్తిస్తాయి. రక్తం, చీము అంటిన దూది, కట్లు, పిండికట్లు, వాడిన మాస్కులు, రక్తం బ్యాగులు పసుపులో. సెలైన్ సెట్లు, క్యాథెటర్లు, యూరిన్ బ్యాగులు, సూది తీసిన సిరంజీలు, గ్లవ్స్ ఎరుపులో. సూదులు, బ్లేడ్లు చిల్లు పడని తెల్ల డబ్బాలో. పగిలిన, పగలని మందు సీసాలు, ఆంప్యూల్స్ నీలంలో. అన్నం, బిస్కెట్ కాగితాలు వీటిలో వేటిలోనూ కాదు, మామూలు చెత్తలో. ముప్పావు వంతు నిండగానే సంచి మూతి కట్టేయాలి. చేత్తో అదమకూడదు, ఎవరైనా పొరపాటున సూది వేసి ఉంటే అది మీ అరచేతిలో దిగుతుంది. ఈ సంచులను 48 గంటలకు మించి ఆసుపత్రిలో ఉంచకూడదు.

సూదికి మూత తిరిగి పెట్టకండి. వాడినవాళ్ళే తెల్ల డబ్బాలో వేయాలి. కిడ్నీ ట్రేలోనో, పరుపు మీదో వదిలేసిన సూదే మీకు గుచ్చుకునేది. పక్క తీసేటప్పుడు దుప్పటిని తడమకుండా, ముందు అంచుల నుంచి చూస్తూ మడవండి.

సూది గుచ్చుకుంటే

భయంతో వేలు నోట్లో పెట్టుకోవద్దు, పిండవద్దు, హైపోలో స్పిరిట్‌లో ముంచవద్దు. కుళాయి కింద సబ్బుతో కడగండి. కళ్ళలో రక్తం చిందితే నీళ్ళతోనో సెలైన్‌తోనో ధారగా కడగాలి. వెంటనే, ఆ షిఫ్టులోనే, సిస్టర్ ఇన్‌ఛార్జికీ డ్యూటీ డాక్టరుకూ చెప్పండి, రిజిస్టరులో రాయించండి. హెచ్ఐవీ నివారణ మందు వీలైతే రెండు గంటల్లోపు, ఎట్టి పరిస్థితుల్లోనూ 72 గంటల్లోపు మొదలవ్వాలి. 28 రోజులు వాడాలి. తిడతారేమోనని దాచి, తెల్లారాక చూద్దాం అనుకుంటే పోయేది ఆ విలువైన గంటలే.

హెచ్ఐవీ ఉన్న రక్తం అంటిన సూది గుచ్చుకుంటే సోకే అవకాశం సుమారు 0.3%. హెపటైటిస్ బి అయితే, టీకా వేయించుకోనివారికి 30% దాకా ఉండొచ్చు. టీకా మాత్రం మీ చేతిలో ఉంది: మొదటి రోజు, ఒక నెలకు, ఆరు నెలలకు మూడు డోసులు. మూడోది అయిన నెల నుంచి రెండు నెలల్లో రక్తపరీక్ష (యాంటీ-హెచ్‌బీఎస్) చేయించి, అంకె 10 mIU/mL లేదా అంతకంటే ఎక్కువ ఉంటే రక్షణ వచ్చినట్టు. చాలామంది రెండు డోసులతో ఆపేస్తారు. మూడోది వేయించుకోండి.

మంచం, సామాను, నేల

వాడిన దుప్పట్లు దులపకండి, ఒంటికి ఆనించుకోకండి. మురికి లోపలికి వచ్చేలా మడిచి, మంచం దగ్గరే సంచిలో వేయండి. బీపీ కఫ్, థర్మామీటర్, పల్స్ ఆక్సీమీటర్ ప్రతి రోగికీ మధ్య 70% స్పిరిట్‌తో తుడవాలి. ఆక్సిజన్ హ్యూమిడిఫైయర్ సీసాలో స్టెరైల్ లేదా డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. తగ్గిందని పైన పోయకుండా, రోజూ పారబోసి, కడిగి, ఆరబెట్టి కొత్తవి నింపాలి. ఆ సీసాలోని నీటి మీదుగా వచ్చే గాలే రోగి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మంచం పట్టిన రోగికి, డాక్టరు వద్దనకపోతే, తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచండి, నోరు రోజూ శుభ్రం చేయండి. వార్డులో పొడి చీపురు వద్దు, తడిగుడ్డే. మంచిగా ఉన్న చోటు నుంచి మురికి చోటుకు, పై నుంచి కిందికి తుడవాలి.

విరేచనాల రోగి వస్తే

రాయగడ జిల్లా కాశీపూర్ వైపు 2007లో, మళ్ళీ 2022లో కలరా ప్రబలింది. వానాకాలంలో ఇలాంటి రోగి వస్తే, వీలైతే వేరే గది, లేకపోతే మూలన మంచం. బెడ్‌పాన్, బకెట్టు ఆ రోగికే. మోసేటప్పుడు మూత ఉండాలి. మంచం, నేల, బెడ్‌పాన్ 0.5% హైపోతో, అంటే మీరు కలిపిన 1%ను సమానంగా నీళ్ళతో పలచన చేసి. చేతులకు సబ్బే. రోగి వాడిన బెడ్‌పాన్ కడిగిన చోట తాగునీటి బిందెలు నింపకుండా చూడండి. ఇది రోగి మనుషులకు తెలియదు, మీరే చెప్పాలి.

మలేరియా, స్క్రబ్ టైఫస్ రోగిని తాకడానికి కొందరు జంకుతారు, అక్కర్లేదు. మలేరియా దోమతోనూ, స్క్రబ్ టైఫస్ పొదల్లోని చిన్న పురుగు కాటుతోనూ వస్తాయి. తాకితే అంటవు. సూది విషయంలో జాగ్రత్త, జ్వరం రోగులకు దోమతెర, అంతే. ఆ భయాన్ని కాస్త దగ్గుతున్న రోగి వైపు మళ్ళిస్తే ఎక్కువ మేలు.

రోగి వెంట వచ్చినవాళ్ళు

సగం పని వాళ్ళ చేతిలో ఉంటుంది. “అమ్మా, మంచమ్మీద కూర్చోకండి, పక్క బెడ్ వాళ్ళకి మీరు నీళ్ళు పట్టకండి, మేం చూసుకుంటాం” అని నెమ్మదిగా చెప్పండి. కసిరితే మీరు లేనప్పుడు చేస్తారు. ఒడియావాళ్ళకు “హాతొ ధుఅంతు” అంటే చేతులు కడుక్కోండి, “మాస్క్ పింధంతు” అంటే మాస్క్ పెట్టుకోండి. సవర, కువి మాట్లాడేవాళ్ళకు మాట రాకపోయినా, వాళ్ళ ఎదుట మీరే చేతులు రుద్ది చూపించి, హ్యాండ్ రబ్ వాళ్ళ అరచేతిలో పోస్తే అర్థమవుతుంది.

డ్యూటీ అయ్యాక

మొబైల్‌ను గ్లవ్స్‌తో పట్టుకోకూడదు. షిఫ్టు చివర స్పిరిట్ దూదితో రెండు వైపులా తుడవండి. ఆసుపత్రి చెప్పులు ఆసుపత్రిలోనే వదలండి. యూనిఫాం మార్చుకుని సంచిలో వేసుకోండి, ఇంట్లో పిల్లల బట్టలతో కలపకుండా డిటర్జెంట్ వేసిన వేడినీళ్ళలో ఉతికి, ఎండలో ఆరేయండి. చివరిసారి చేతులు కడుక్కున్నాక గేటు దాటండి.